గూగీ కట్టడాలను చూసి ఆనందించడం ఎలా: అమెరికా దారుల పక్కన నిలిచిన అంతరిక్ష యుగం

లాస్ ఏంజెలెస్ విమానాశ్రయం నుంచి బయటికి వచ్చే దారిలో, నాలుగు పెద్ద వంపు కాళ్ల మధ్య ఎగిరే పళ్లెం వేలాడుతున్నట్టు కనిపించే థీమ్ బిల్డింగ్ ఎవరి కంటా పడకుండా ఉండదు. లాస్ వేగాస్ వెళ్లిన తెలుగు కుటుంబాలలోనైతే, ‘వెల్‌కమ్ టు ఫ్యాబ్యులస్ లాస్ వేగాస్’ బోర్డు కింద నిలబడి ఫొటో దిగని కుటుంబం చాలా అరుదు. మొదటిది 1961 నాటిది, రెండోది 1959 నాటిది. ఈ రెండింటినీ చూసినవారు కూడా అవి ఒకే వంశానికి చెందినవని, ఆ వంశంలో ఒకప్పుడు ఎన్నో కాఫీ షాపులు, పెట్రోలు బంకులు, మోటెళ్లు (దారి పక్క లాడ్జీలు), బౌలింగ్ శాలలు ఉండేవని, వాటిలో చాలావాటిని ఇప్పటికే కూల్చివేశారని సాధారణంగా గమనించరు. 1940ల చివరి నుంచి 1960ల మధ్య వరకు అమెరికా రహదారుల పక్కన, అన్నిటికన్నా మిన్నగా దక్షిణ కాలిఫోర్నియాలో, రాబోయే కాలాన్ని ఇప్పుడే కళ్ల ముందు నిలపాలన్న ఉత్సాహంతో కట్టిన ఈ శైలిని గూగీ అంటారు.

అమెరికాలో ఉంటున్నవారు, పిల్లల దగ్గరికి కొన్ని నెలల కోసం వెళ్లే తల్లిదండ్రులు, పని మీద వెళ్లి ఒకటి రెండు రోజులు ఖాళీ దొరికినవారు ఈ కట్టడాలను ఎలా గుర్తుపట్టాలో, ఏ వరసలో చూడాలో, ఎలా ఫొటో తీయాలో, మిగిలినవాటిని నిలబెట్టడానికి ఏం చేయవచ్చో ఇక్కడ వివరిస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. గూగీని పటంలో బొమ్మను చూసినట్టు చూస్తే సగమే అర్థమవుతుంది. అది మొదట కదిలే కారులోంచి, తర్వాత పార్కింగ్ స్థలం నుంచి, చివరికి కౌంటర్ ముందు స్టూలు మీద కూర్చుని చూడటానికి కట్టినది కనుక, మనం కూడా అదే వరసలో చూడాలి.

కొంత పూర్వకథ

1949లో హాలీవుడ్ దగ్గర సన్‌సెట్ బులవార్డ్ మీద జాన్ లాట్నర్ అనే ఆర్కిటెక్ట్ ‘గూగీస్’ అనే కాఫీ షాపును రూపొందించాడు. షాపు యజమాని భార్యను ఇంట్లో పిలిచే ముద్దుపేరే షాపుకు పెట్టారు. లాట్నర్ సామాన్యుడు కాడు. ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ దగ్గర శిష్యరికం చేసినవాడు. ఆ షాపు ఎర్రటి ఉక్కు పైకప్పు కొంత దూరం మామూలుగానే సాగి, ఉన్నట్టుండి ఆకాశం వైపు ఏటవాలుగా లేచేది. ‘హౌస్ అండ్ హోమ్’ పత్రిక సంపాదకుడు డగ్లస్ హాస్కెల్ ఆ దారిన వెళుతూ దాన్ని చూసి, 1952 ఫిబ్రవరి సంచికలో ఈ ధోరణి మొత్తానికి ఆ షాపు పేరే పెట్టి వ్యాసం రాశాడు. అందులో ఆసక్తి ఉంది, వెక్కిరింపు కూడా ఉంది. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఆర్కిటెక్టుల మధ్య ఆ పేరు ఒక తిట్టుగానే చెలామణి అయింది. 1980లలో అలన్ హెస్ వంటి చరిత్రకారులు ఈ కట్టడాలను శ్రద్ధగా అధ్యయనం చేసి రాయడం మొదలుపెట్టాకే దానికి గౌరవం దక్కింది. అసలు గూగీస్ షాపును మాత్రం 1989లో కూల్చేశారు.

ఈ శైలి అక్కడే, అప్పుడే ఎందుకు పుట్టిందన్నది తెలుసుకుంటే, చూసేటప్పుడు కన్ను మరింత చురుగ్గా పనిచేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లాస్ ఏంజెలెస్ నగరం అన్ని వైపులా విస్తరించింది, జనం కార్లలో తిరగడం మొదలుపెట్టారు, పొడవైన బులవార్డుల (వెడల్పయిన వీధుల) వెంట ఖాళీ స్థలాలు విశాలంగా దొరికాయి. ఉక్కు, పెద్ద పెద్ద గాజు పలకలు, ప్లాస్టిక్, సన్‌మైకా వంటి పూత పలకలు మామూలు వ్యాపారికి అందుబాటులోకి వచ్చాయి. విమానాలు, రాకెట్లు తయారుచేసే కర్మాగారాలు ఆ ప్రాంతానికి ప్రధాన జీవనాధారం. అత్యంత పాతదిగా మిగిలిన మెక్‌డొనాల్డ్స్ నిలిచి ఉన్న డౌనీ పట్టణంలోనే, చంద్రుడి దగ్గరికి మనుషులను తీసుకెళ్లిన అపోలో కమాండ్ మాడ్యూళ్లను ‘నార్త్ అమెరికన్’ అనే విమానాల సంస్థ తయారుచేసింది. కాబట్టి ఆ కప్పుల ఆకారం ఎవరో గాలిలో మేడలు కట్టి తెచ్చినది కాదు. ఉదయం అంతరిక్ష నౌకకు బోల్టులు బిగించే మనుషులు తిరిగే వీధులవి.

ఎలా గుర్తుపట్టాలి

అన్నిటికన్నా ముందు కప్పును చూడండి. గూగీలో కప్పు గోడల మీద కూర్చున్న మూత కాదు, కట్టడం మొత్తానికి అదే ప్రధాన పాత్ర. అది వీధి వైపు పైకి లేస్తుంది, లేదా సీతాకోకచిలుక రెక్కల్లా నడుమ కిందికి దిగి రెండు పక్కలా పైకి తేలుతుంది, లేదా రంపపు పళ్లలా మడతలు పడి సాగుతుంది. ఈ మడతల కప్పు ఎందుకు నిలుస్తుందో పిల్లలకు చూపించాలంటే ఒక మామూలు కాగితం తీసుకోండి. రెండు పుస్తకాల మధ్య వంతెనలా పరిస్తే అది వెంటనే కుంగిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రలా మడతలు పెట్టి పరిస్తే ఒక పెన్నును కూడా మోస్తుంది. పలచని పలకకు మడతలే బలం ఇస్తాయి, అందుకే నడుమ స్తంభాలు లేకుండా వెడల్పయిన గదిని కప్పగలిగారు.

తర్వాత ఆ కప్పును ఏది మోస్తోందో వెతకండి. వీధి వైపు కనిపించేది గాజు గోడే, దాని వెనక లోపలి మనుషులు, వెలుగు, కౌంటర్ అన్నీ బయటికి కనిపిస్తాయి. బరువును కొద్దిపాటి సన్నని ఉక్కు స్తంభాలు, ఒక పక్కన మొరటు రాతి గోడ మోస్తాయి. కప్పు చూరు ఆధారం దాటి చాలా ముందుకు సాగి గాలిలో నిలుస్తుంది. దూలం ఒక కొసను గట్టిగా బిగించి రెండో కొసను వదిలేయడం వల్ల అది సాధ్యమవుతుంది, మన ఇళ్ల బాల్కనీలు నిలిచేది కూడా ఈ సూత్రం మీదే. రాతి గోడ బయట మొదలై గాజును దాటి లోపలికి అలాగే సాగిపోతే, లోపలి మొక్కలు, బయటి మొక్కలు ఒకే తోటలా కనిపిస్తే, మంచి నమూనా ముందు నిలబడ్డారని అర్థం.

మూడవది బోర్డు. గూగీలో బోర్డు కట్టడానికి తగిలించినది కాదు, రెండూ కలిపి గీసినవే. బోర్డు కప్పును చీల్చుకుని పైకి వస్తుంది, లేదా ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క పలక మీద విడివిడిగా నిలుస్తుంది. ములుకుల నక్షత్రాలు, బూమరాంగ్ ఆకారాలు, అణువు చుట్టూ తిరిగే కక్ష్యల బొమ్మలు, మూత్రపిండం ఆకారంలో ఈత కొలనులు ఇవన్నీ ఆ కాలపు ముద్రలు. అయితే ఒక నక్షత్రం బొమ్మ కనిపించినంత మాత్రాన గూగీ అనుకోకూడదు. కప్పు, గాజు, బోర్డు మూడూ కలిసి ఒక్క మాట చెబుతుంటేనే అది గూగీ.

పొరపడే అవకాశం ఉన్న రెండు రకాలను కూడా తెలుసుకోవాలి. గుండ్రని మూలలు, అడ్డంగా సాగే గీతలు, ఓడ కిటికీల వంటి వలయాలు ఉంటే అది 1930ల నాటి స్ట్రీమ్‌లైన్ శైలి, అంటే గూగీకి ముందు తరం. మెరిసే స్టీలు పలకలు, నలుపు తెలుపు గళ్ల నేల, గోడల నిండా పాత సినిమా తారల బొమ్మలు ఉంటే చాలావరకు అది 1980లలోనో ఆ తర్వాతో పాత జ్ఞాపకాలను అమ్ముకోవడానికి కట్టిన డైనర్, అంటే చిన్న హోటలు. అసలు గూగీ షాపు వెనక్కి చూసేది కాదు, దాని చూపు అంతా ముందుకే.

కారులోంచి చూడటం

గంటకు 35 మైళ్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 51 అడుగులు ముందుకు పోతుంది. 500 అడుగుల దూరంలో ఒక బోర్డు కనిపించిందంటే, దాన్ని చదివి, ఆగాలా వద్దా తేల్చుకుని, లేన్ మారి, మలుపు తిరగడానికి నడిపేవారికి ఉండేది పది సెకన్లే. ఆ పది సెకన్ల కోసమే ఇంత ఎత్తు, ఇంత రంగు, ఇంత వెలుగు. కనుక ఏ గూగీ కట్టడానికి వెళ్లినా నేరుగా పార్కింగ్‌లోకి దూరకండి. ఒకసారి ఆ వీధిలో దాటి వెళ్లి, ముందుకు పోయి తిరిగి రండి. నడిపేవారు రోడ్డు మీదే దృష్టి పెట్టాలి గనుక, పక్క సీటులో ఉన్నవారు బోర్డు మొదట ఎక్కడ కనిపించింది, కప్పు ఎప్పుడు కనిపించింది, లోపలి మనుషులు ఎప్పుడు కనిపించారు అన్నది పైకి చెబుతూ ఉంటే బాగుంటుంది. ఈ వరస ఆర్కిటెక్ట్ లెక్క వేసి పెట్టినదని రెండోసారి దాటేసరికి తెలిసిపోతుంది.

కౌంటర్ దగ్గర కూర్చోవడం

ఈ దశను చాలామంది వదిలేస్తారు, బయట నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. లూయీ ఆర్మెట్, ఎల్డన్ డేవిస్ 1947లో కలిసి పెట్టిన ‘ఆర్మెట్ అండ్ డేవిస్’ సంస్థ దక్షిణ కాలిఫోర్నియాలో ఇలాంటి కాఫీ షాపులను ఎన్నో రూపొందించింది. వారి షాపులో కూర్చుంటే మొదట గమనించవలసింది వంటగది. పూర్వం హోటళ్లలో వంట తలుపు వెనక జరిగేది, ఇక్కడ కౌంటర్‌కు ఎదురుగా అందరికీ కనిపించేలా పెట్టారు. ఇప్పుడు మీరు కూర్చున్న స్టూలు కిందికి చూడండి. ఆ కాలపు మంచి షాపుల్లో స్టూలుకు నేల మీద ఆనే కాలు ఉండదు. కౌంటర్ అడుగు భాగం నుంచి ఒక లోహపు చేయి ముందుకు వచ్చి సీటును మోస్తుంది. బయట కప్పు చూరును గాలిలో నిలిపిన సూత్రమే ఇక్కడ స్టూలును నిలిపింది, దానివల్ల కింద తుడవడమూ తేలిక అయింది. నేల సాధారణంగా టెర్రాజో, అంటే సిమెంటులో పాలరాతి ముక్కలు కలిపి పోసి నున్నగా అరగదీసినది. మన పాత ఇళ్లలో మొజాయిక్ గచ్చు మీద నడిచి పెరిగినవారికి ఇది కొత్త కాదు. అయితే ఇక్కడ గచ్చులోని రంగులు, కౌంటర్ రంగు, సీట్ల రంగు, దీపాల ఆకారం అన్నీ ఒకే చేతితో కుదిర్చినట్టు ఉంటాయి.

ఆ చేయి చాలా చోట్ల హెలెన్ లియూ ఫాంగ్‌ది. లాస్ ఏంజెలెస్ చైనాటౌన్‌లో బట్టలు ఉతికే దుకాణం నడిపే కుటుంబంలో 1927లో పుట్టి, బర్క్‌లీలో చదువుకుని, 1950ల మొదట్లో ఆర్మెట్ అండ్ డేవిస్‌లో చేరిన ఈమె, ఆడవాళ్లు ఆర్కిటెక్టులుగా చాలా అరుదుగా కనిపించే కాలంలో నార్మ్స్, పాన్స్ కాఫీ షాపులు, హాలిడే బౌల్ బౌలింగ్ శాల వంటి వాటి రూపకల్పనలో పాలుపంచుకుంది. థీమ్ బిల్డింగ్‌కు పనిచేసినవారిలో ఒకరైన పాల్ విలియమ్స్ నల్లజాతి ఆర్కిటెక్ట్. తన పక్కన కూర్చోవడానికి తెల్లవారు ఇబ్బంది పడతారేమోనని, బల్లకు ఎదురుగా కూర్చున్నవారికి సరిగ్గా కనిపించేలా తలకిందులుగా బొమ్మ గీయడం నేర్చుకున్నవాడు. అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ తన బంగారు పతకాన్ని ఆయనకు 2017లో, మరణానంతరం ఇచ్చింది. దారి పక్కన కాఫీ షాపులంటే చులకనగా చూసినవారు వీళ్ల పనిని కూడా చులకనగా చూశారన్నది మరవకూడదు.

హాలిడే బౌల్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. క్రెన్‌షా బులవార్డ్ మీద 1958లో జపనీస్ అమెరికన్లు పూనుకుని కట్టించిన బౌలింగ్ శాల, కాఫీ షాపు అది. యుద్ధకాలంలో ఆ సమాజం వారిని ప్రభుత్వం నిర్బంధ శిబిరాలలో పెట్టిన సంగతి తెలిసినవారికి, పదిహేనేళ్లు తిరగకముందే వారు ఇలాంటి చోటును నిలబెట్టడం ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది. చుట్టుపక్కల నల్లజాతి వారు, జపాన్ మూలాల వారు, ఇతరులు ఒకే కౌంటర్ దగ్గర కూర్చుని, ఒకరు గ్రిట్స్ (మొక్కజొన్న రవ్వ జావ), ఇంకొకరు ఉడాన్ (జపాన్ నూడుల్స్), మరొకరు చౌమీన్ తెప్పించుకునేవారు. అది 2000లో మూతపడింది. బౌలింగ్ శాల కూల్చివేతకు గురైనా, మడతల కప్పు ఉన్న కాఫీ షాపు భాగాన్ని పోరాడి మిగిల్చారు.

శాకాహారులకు ఒక మాట. ఈ కాఫీ షాపుల్లో పాన్‌కేకులు, టోస్టు, వేయించిన బంగాళదుంప, ‘పై’ అనే తీపి వంటకం, కాఫీ ఎప్పుడూ దొరుకుతాయి, ఏ నూనెలో, ఏ పెనం మీద చేస్తారో అడిగితే విసుక్కోకుండా చెబుతారు. అమెరికాలోని మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్‌లో మాత్రం గొడ్డు మాంసపు రుచినిచ్చే పదార్థం కలుపుతారు, కనుక డౌనీలో ఆగినప్పుడు దాన్ని గుర్తుంచుకోండి.

లాస్ ఏంజెలెస్‌లో ఒక రోజు

ఒక్కటే చూసే వీలుంటే పాన్స్ చూడండి, నేను ఎవరికైనా మొదట చెప్పేది అదే. విమానాశ్రయానికి దగ్గరలో, లా టిహేరా బులవార్డ్ మీద 1958 నుంచి ఉన్న ఈ షాపులో వాలు కప్పు, రాతి గోడలు, చుట్టూ ఉష్ణమండలపు మొక్కలు, రాత్రి వెలిగే నియాన్ బోర్డు ఇవన్నీ దాదాపు కట్టిన నాటి రూపంలోనే కనిపిస్తాయి. ఉదయం అక్కడ టిఫిన్ చేసి, దగ్గర్లోనే ఉన్న ర్యాండీస్ డోనట్స్ చూడవచ్చు. పెద్ద డోనట్‌ను కప్పు మీద నిలబెట్టిన ఆ దుకాణం గూగీ కాకపోయినా, దారిన పోయేవారిని పిలిచే పనిలో దానికి అన్న వరసే. థీమ్ బిల్డింగ్‌ను టెర్మినళ్ల దగ్గర పార్కింగ్ భవనాల పై అంతస్తు నుంచి చూస్తే ఆకారం బాగా తెలుస్తుంది. ఆ వంపులు 135 అడుగుల ఎత్తున ఒకే రాయిలా కనిపిస్తాయి గాని, కింది భాగమే కాంక్రీటు, పైదంతా ఉక్కు చట్రం మీద గచ్చుపూత.

అక్కడి నుంచి 105వ నంబరు ఫ్రీవే మీద తూర్పుగా వెళితే డౌనీ వస్తుంది. లేక్‌వుడ్ బులవార్డ్ మీద 1953 ఆగస్టు 18న తెరిచిన మెక్‌డొనాల్డ్స్ ఈనాటికీ నడుస్తోంది. స్టాన్లీ మెస్టన్ గీసిన నమూనా ఇది. రెండు పసుపు పచ్చ లోహపు వంపులు రెండు పక్కలా నేల నుంచి లేచి, కప్పు గుండా పైకి వెళ్లి, మళ్లీ నేలకు దిగుతాయి. ఈనాడు ప్రపంచమంతటా కనిపించే ఎం అక్షరపు గుర్తు ఈ వంపులను ఒక మూల నుంచి చూస్తే కలిగే రూపమే. కాబట్టి తిన్నగా ఎదురుగా కాక, కొంచెం పక్కకు జరిగి నిలబడి చూడండి. ముందు గాజు పైనుంచి కిందికి లోపలికి వాలి ఉంటుంది, గోడల మీద ఎరుపు తెలుపు పలకలు. బోర్డు మీద ఉన్నది మనం ఎరిగిన విదూషకుడు కాదు, అంతకు ముందటి స్పీడీ అనే చిన్న వంటవాడు. ఈ దుకాణానికి అనుమతి మెక్‌డొనాల్డ్ సోదరులే నేరుగా ఇచ్చినందున, తర్వాతి కాలంలో మిగతా దుకాణాలన్నిటినీ కొత్త రూపులోకి మార్చిన కంపెనీ ఆదేశాలు దీన్ని తాకలేదు. 1994 భూకంపం తర్వాత మూతపడి, పరిరక్షణ కోరేవారి ఒత్తిడి వల్ల 1996లో తిరిగి తెరుచుకుంది.

డౌనీలోనే ఫైర్‌స్టోన్ బులవార్డ్ మీద 1958 నాటి హార్వీస్ బ్రాయిలర్ ఉండేది. 2007 జనవరిలో అనుమతి లేకుండా దాన్ని కూలగొట్టడం మొదలుపెడితే, స్థానికులు గోల చేసి ఆపించారు. మిగిలిన భాగాలను, పాత నక్షాలను ఆధారం చేసుకుని తిరిగి కట్టి 2009లో బాబ్స్ బిగ్ బాయ్ బ్రాయిలర్‌గా తెరిచారు. అసలైనదానికి, పునర్నిర్మాణానికి తేడా ఎక్కడ తెలుస్తుందో వెతకడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

సాయంత్రానికి నగరంలోకి తిరిగి వచ్చి విల్షైర్, ఫెయిర్‌ఫాక్స్ కూడలిలో 1956 నాటి జానీస్ కాఫీ షాపును, లా సియెనెగా బులవార్డ్ మీద 1957 నాటి నార్మ్స్‌ను చూడండి. జానీస్‌లో 2000 నుంచి భోజనం లేదు, కట్టడం మాత్రమే నిలిచి ఉంది. చీకటి పడ్డాక బెవర్లీ హిల్స్‌లో ఆర్కిటెక్ట్ జిన్ వాంగ్ రూపొందించిన యూనియన్ 76 పెట్రోలు బంకు దగ్గర ఆగండి. 1965లో పూర్తయిన ఆ ఎర్రటి వంపు కప్పును మొదట విమానాశ్రయం కోసం గీశారు. కింద వరసగా వెలిగే ట్యూబులైట్లు కప్పు వంపును గీతలు గీసినట్టు చూపిస్తాయి. కారులో పెట్రోలు కొంచెం తక్కువగా ఉంచుకుని వెళితే, అక్కడ ఆగడానికి కారణం దానంతట అదే దొరుకుతుంది. వీటిలో ఏదైనా మరమ్మతులకో, చేతులు మారడం వల్లనో మూసి ఉండవచ్చు, బయలుదేరే ముందు వేళలు చూసుకోవడం మంచిది.

ఇతర చోట్ల

న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల ఉండే తెలుగువారు కాలిఫోర్నియా దాకా వెళ్లనవసరం లేదు. గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దక్షిణం కొసకు వెళితే వైల్డ్‌వుడ్ వస్తుంది. అక్కడ ఈ శైలిని డూ వాప్ అంటారు. 1957లో కట్టిన కరీబియన్ మోటెల్‌లో ప్లాస్టిక్ తాటి చెట్లు, నెలవంక ఆకారపు కొలను, గాలిలో తేలినట్టుండే ర్యాంపు ఉన్నాయి, అది 2005లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. వేసవిలోనే వెళ్లండి, చలికాలంలో చాలా మోటెళ్లు మూసేస్తారు, బోర్డులు వెలగవు. లాస్ వేగాస్‌లో నియాన్ మ్యూజియం లోపలికి వెళ్లే గది 1961లో పాల్ విలియమ్స్ గీసిన లా కోంచా మోటెల్ ముందుగది. గవ్వ ఆకారపు ఆ కాంక్రీటు పెంకును 2006లో ఎనిమిది ముక్కలుగా కోసి తెచ్చి తిరిగి అతికారు. స్వాగత బోర్డును గీసిన బెట్టీ విల్లిస్ దానిపై హక్కులు పెట్టుకోలేదు. ‘వెల్‌కమ్’ అక్షరాల వెనక ఉన్న ఏడు తెల్లని వలయాలు వెండి డాలర్లు. సియాటిల్‌లో 605 అడుగుల స్పేస్ నీడిల్ గోపురం 1962 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టినది. శాన్ హోసేలో ఉండేవారు వించెస్టర్ బులవార్డ్ దగ్గర 1964 నాటి సెంచరీ 21 సినిమా హాలు గోపురాన్ని చూడవచ్చు.

ఫొటోలు తీయడం

సూర్యుడు అస్తమించాక పావుగంట నుంచి అరగంట లోపు తీసిన ఫొటోలే బాగా వస్తాయి. అప్పుడు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, బోర్డు వెలుగుతుంది, కప్పు అంచు కూడా కనిపిస్తుంది. పూర్తి చీకటిలో అక్షరాలు తప్ప కట్టడం మిగలదు. ఫోనుతో తీసేవారు తెర మీద నియాన్ గొట్టాన్ని తాకి, వెలుగును బాగా తగ్గించాలి. లేకపోతే ఎర్రని గొట్టం తెల్లగా పాలిపోతుంది. వెలుగుతూ ఆరుతూ కదిలే బోర్డులకు రాత్రి మోడ్ పనికిరాదు, అది కొన్ని సెకన్ల వెలుగును కలిపేస్తుంది, వీడియో తీయడమే సరైనది. కెమెరా ఉన్నవారు షట్టర్ వేగం సెకనులో 60వ వంతు కన్నా వేగంగా పెడితే, కరెంటు హెచ్చుతగ్గుల వల్ల కొన్ని గొట్టాలు ఆరిపోయినట్టు పడవచ్చు.

ఆ పనిలోనే నియాన్ అసలుదో కాదో కూడా చూడండి. అసలు నియాన్‌లో ఒకే గాజు గొట్టాన్ని చేత్తో వంచి అక్షరాలు చేస్తారు, కాబట్టి అక్షరానికి అక్షరానికి మధ్య గొట్టం వెనక్కి మళ్లిన చోట నల్లరంగు పూసి ఉంటుంది. నియాన్ వాయువు ఇచ్చేది నారింజ కలిసిన ఎరుపే, నీలం కావాలంటే ఆర్గాన్‌లో పాదరసపు ఆవిరి కలుపుతారు. ఈ మధ్య వస్తున్న ఎల్‌ఈడీ గొట్టాలలో వెలుగు అంతటా ఒకేలా చదునుగా ఉంటుంది, నల్లరంగు ముక్కలు కనిపించవు. ట్రైపాడ్ పెట్టాలంటే షాపు వారిని ముందుగా అడగండి, లోపల తినేవారి ముఖాలు ఫొటోలో పడకుండా జాగ్రత్త పడండి.

నిలబెట్టడం

వీటిని కాపాడటంలో మొదటి మెట్టు అక్కడ డబ్బు ఖర్చు పెట్టి తినడం. గిరాకీ ఉన్న షాపు యజమానికి స్థలం అమ్మాలన్న ఒత్తిడి తగ్గుతుంది. ఖాళీగా పడి ఉన్న కట్టడం ఎంత అందమైనదైనా దాని రోజులు దగ్గరపడినట్టే. రెండవది చట్టం. జాతీయ జాబితాలో చేరితే గౌరవమే గాని, సొంత యజమాని కూల్చుకోదలిస్తే ఆ ఒక్క జాబితా ఆపలేదు. అసలు బలం నగరం ఇచ్చే గుర్తింపులో ఉంది. లాస్ ఏంజెలెస్‌లో ఒక కట్టడాన్ని చారిత్రక స్మారకంగా గుర్తించాలని ఎవరైనా దరఖాస్తు పెట్టవచ్చు. జానీస్ 2013లో, నార్మ్స్ 2015లో ఇలాగే గుర్తింపు పొందాయి. ఆ గుర్తింపు కూడా కూల్చివేతను శాశ్వతంగా నిషేధించదు, కొన్ని నెలల పాటు వాయిదా వేయించి, వేరే దారి వెతకడానికి వ్యవధి ఇస్తుంది. పాత కట్టడాలను కాపాడే లాస్ ఏంజెలెస్ కన్సర్వెన్సీ అనే సంస్థలో ఈ కాలపు కట్టడాల కోసం 1984 నుంచి పనిచేస్తున్న స్వచ్ఛంద సేవకుల బృందం ఉంది, సభ్యత్వం ఎవరైనా తీసుకోవచ్చు.

నగర మండలి బహిరంగ విచారణలో మాట్లాడటానికి, లేఖ పంపడానికి ఓటు హక్కు అక్కరలేదు. వీసా మీద ఉన్నవారు కూడా తాము ఉండే వీధి గురించి చెప్పుకోవచ్చు. లేఖలో ‘చాలా అందంగా ఉంది’ అని రాసి ఊరుకుంటే ఉపయోగం తక్కువ. కట్టిన సంవత్సరం, రూపొందించినవారి పేరు, కప్పు, బోర్డు, రాతి గోడ వంటి భాగాలలో ఏవి మార్పు లేకుండా మిగిలాయి, ఏవి మారాయి అన్నది రాయండి. ఈ వివరాలు నగరం నడిపే హిస్టారిక్ ప్లేసెస్ ఎల్ఏ వెబ్‌సైటులో, లాస్ ఏంజెలెస్ పబ్లిక్ లైబ్రరీ ఫొటోల సంగ్రహంలో, గెట్టీ సంస్థ దాచిన జూలియస్ షుల్మన్ ఛాయాచిత్రాలలో వెతికితే చాలావరకు దొరుకుతాయి. పాత ఫొటో తీసిన చోటే నిలబడి, అదే కోణంలో మీరు తీసిన ఫొటోను తేదీ, కూడలి పేరుతో సహా లేఖకు జతచేయండి. విచారణ తేదీకి కనీసం కొన్ని రోజుల ముందు అందేలా పంపితే, మండలి సభ్యులు చదివే పత్రాలలో అది చేరుతుంది.